రెండు ముద్దల ఉపవాసం

చెల్లీ శౌరీ,

ఫోనులో చెబుదామంటే స్పీకర్లో మీ అత్తగారు వింటున్నారు, అందుకే రాస్తున్నాను. "రెండు ముద్దలకే కడుపు నిండుతోందక్కా, ఈ నలభై రోజుల తపస్సు కాలానికి మంచిదేలే" అని నవ్వావు. నిరుడు నేనూ అలాగే నవ్వాను. చర్చిలో అందరూ నా ఉపవాసాన్ని మెచ్చుకుంటే తల వంచుకుని ఊరుకున్నాను. అది భక్తి కాదే, తినలేకపోవడం. ఎడమ డొక్కలో బరువునూ, నల్లటి విరేచనాన్నీ దాచాను. నెత్తురు కక్కాకే స్కానింగ్ తీశారు. ప్లీహం నుంచి వచ్చే రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడిందట. పాంక్రియాస్ వాచినవాళ్లకు అలా రావచ్చట. నాకులాగే నీకూ ఆమధ్య వాచింది కదా!

ఈ ఉత్తరం తెచ్చిన మీ బావతోనే భవానీపురం మా ఇంటికి వచ్చెయ్, ఇవాళే డాక్టరుకు చూపిద్దాం. నాకు తగ్గింది, నీకూ తగ్గుతుంది. ఈస్టరుకి, పాస్కా పండక్కి ఇద్దరం కడుపునిండా తిందాం.

అది ఉపవాసం కాదని ఫాదరుగారి దగ్గర ఒప్పుకున్నాను. మిగతావాళ్లకు ఈ ఉత్తరం చూపకు, దాచుకో.

అక్క