గడప తొక్కని కాలు

తిరుపతి,
జులై, 1979

పూజ్యులైన నాయన పాదాలకు ఆదిమూలం నమస్కరించి రాసేది. నేను ఇక్కడ బాగున్నాను. మీరు, అమ్మ, రత్న బాగున్నారని తలుస్తాను.

డాక్టరు చదువులో చేరాను కాబట్టి ఈపాటికి నాడి పట్టుకుని చూస్తుంటానని మీరు ఊరంతా చెప్పి ఉంటారు. అది ఇప్పట్లో లేదు. మా ప్రొఫెసరు గారు ఆదివారాలు మమ్మల్ని ఆస్పత్రి బయట సేవకు పంపుతున్నారు. “మంచం మీద పడుకున్నవాణ్ణి రోగి అని ఎవరైనా చెప్తారు. ముందు మనుషుల పక్కన కూర్చోవడం నేర్చుకోండి” అన్నారు. నాకు తిరుచానూరు దారిలో దిక్కులేని ముసలివాళ్లుండే ఇల్లు పడింది. కొండకని తీసుకొచ్చి ఇక్కడ వదిలేసి పోయినవాళ్లే అందులో ఎక్కువ. వాళ్లకు గంజి తాగిస్తాను, కాళ్లు కడుగుతాను, గోళ్లు తీస్తాను. మిగతా పొద్దంతా ఊరికే పక్కన కూర్చుంటాను.

చెంగయ్య అని ఒక తాత ఉన్నాడు. కొడుకు ఆయన్ను బస్టాండులో కూర్చోబెట్టి, చేతికి లడ్డు పొట్లమిచ్చి, టికెట్టు తీసుకొస్తానని పోయాడట. అది పోయిన ఏడాది మాట. ఇప్పటికీ ఎవరైనా అన్నానికి లెమ్మంటే “ఉండబ్బా, నేను లేస్తే మావాడు ఎతుక్కుంటాడు” అంటాడు.

ఇట్లు మీ కుమారుడు,
ఆదిమూలం

తా.క.: ఇది రత్నకు. నాయనకు చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క మింగేయ్. తాత లడ్డు పొట్లం తలకింద పెట్టుకునే పడుకుంటాడు. బూజు పడుతుందని మేం అప్పుడప్పుడు లోపలి లడ్డు మారుస్తాం. ఆయన కనిపెట్టలేదు. కనిపెట్టాడేమో కూడా, చెప్పలేదు. నీ ఊరగాయ అయిపోయింది.

*

వడమాలపేట,
జులై

మావారికి నాగరత్నమ్మ నమస్కారాలు. మామ చెప్తుంటే రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కూడా నాది కాదు.

“ఓరే ఆదిమూలం! చెనిక్కాయలమ్మి నిన్ను డాక్టరు సదువుకు పంపిస్తే ముసలోళ్ల గోళ్లు తీస్తా ఉండావా? ఎదురింటి మునిరామయ్య దినామూ అడగతా ఉండాడు, మీవాడు సూదెయ్యడం నేర్సినాడా అని. ఏం సెప్పాల నేను, కత్తెర పట్టడం నేర్సినాడనా? మీ సిన్నాయన గురప్ప కడుపునొప్పని నడుసుకుంటా ఆస్పత్రికి పోయినాడు, సాపలో సుట్టుకోని ఇంటికొచ్చినాడు. ఆ పొద్దే తిరుచానూరమ్మకు టెంకాయ కొట్టి మొక్కుకున్న్యా, ఈ జన్మకు నా కాలు ఆస్పత్రి గడప తొక్కదని. ఇంట్లోనే ఒక డాక్టరుంటే ఆ గడపతో పనేముంది అని గదరా నిన్ను సదివించేది!”

తర్వాతవి తిట్లు. ఇన్లాండు కవరులో చోటు లేదని మామకు చెప్పమని అత్తకు చెప్పాను.

ఇట్లు,
నాగరత్నమ్మ

తా.క.: ఇది నాది. మామ చెవిన నా గొంతు పడేది మీ ఉత్తరం చదివేటప్పుడే. ఆయన వసారాలో మంచం మీద, నేను తలుపు చాటున. ఈసారి గోళ్ల దగ్గరికి వచ్చేసరికి మామ మంచం దిగి, తుండుగుడ్డ భుజాన వేసుకుని, “బస్సు ఎన్నిటికి?” అన్నారు. ఈమధ్య ఆయన మంచం దిగి వీధిలోకి పోయిందే లేదు. అత్త మజ్జిగ ఇచ్చి కోపం చల్లార్చేసింది. ఇచ్చి ఉండకూడదు. ఒక మాట అడుగుతాను. ఆ ముసలివాళ్ల ఇల్లు ఆస్పత్రి కిందికి వస్తుందా?

*

తిరుపతి,
ఆగస్టు

పూజ్యులైన నాయనకు ఆదిమూలం నమస్కారాలు.

కోపం తగ్గించుకోండి. నేను ఎక్కడికీ పోలేదు, ఏమీ చెడిపోలేదు. అది ఆస్పత్రి కాదు, పాత సత్రం. గడపకు పసుపు పూసి ఉంటుంది. ఆదివారం పొద్దున ఒక పెద్ద డాక్టరు గారు వచ్చి అందరినీ ఒకసారి చూసి, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. సూది వెయ్యడం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. మునిరామయ్య మామను అంతవరకు ఓపిక పట్టమనండి.

చెంగయ్య తాత అప్పుడప్పుడు నన్ను “కొడకా” అంటాడు. నేను కాదనను. అట్లా పిలిచిన పూట నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు.

ఇట్లు,
ఆదిమూలం

తా.క.: రత్నకు, మింగేయ్. అక్కడ ఒకాయన కాలు చూశాను. మడమ కింద ఇంత పుండు. నొప్పే లేదంటాడు. చక్కెర జబ్బు ముదిరితే అంతేనట, మేకు దిగినా తెలియదట. డాక్టరు గారు చూసి “ఆలస్యమైంది” అన్నారు. మోకాలి దాకా తీసేశారు. ఈ ఆదివారం పోయేసరికి ఆయన మంచం మీద ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు.

*

వడమాలపేట,
ఆగస్టు

మావారికి నాగరత్నమ్మ నమస్కారాలు. మామ మాటలు ఇవి.

“నేను రాయి మాదిరి బతికుండంగానే ఇంకొకన్ని నాయనా అని పిలస్తా ఉండావా? ‘నువ్వే నా కన్నతండ్రివి’ అని వాడికి ముద్దలు కలిపి పెడతా ఉండావా? ఎవుడ్రా ఆ చెంగయ్య? వానికి యాడుండాయి చేన్లు? నీ సదువుకు వాడు అమ్మినాడా చెనిక్కాయలు? నాకు ఒక ముద్ద కలిపి పెట్టింటే నీ చెయ్యేమన్నా అరిగిపోతాదా?”

ఈ చివరి మాట అన్నాక మామ తుండుగుడ్డ ముఖం మీదికి లాక్కున్నారు. నేను కలం పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

ఇట్లు,
నాగరత్నమ్మ

తా.క.: మీ డాక్టరు చదువులో చీమల గురించి ఉంటుందా? పెరట్లో మామ ఒంటికి పోయే గోడ పక్కన చీమలు బారులు కట్టాయి. ఇంకెక్కడా లేవు. మామ ఎడమకాలి చెప్పు వేసుకోవడం లేదు, కరుస్తోందంటున్నారు. ఒంటి చెప్పుతోనే పెరడంతా తిరుగుతున్నారు.

*

తిరుపతి,
సెప్టెంబరు

పూజ్యులైన నాయనకు ఆదిమూలం నమస్కారాలు.

నేను ఎవరినీ నాయనా అని పిలవలేదు. నాకు ఉన్న నాయన ఒక్కడే, ఆయన కోపమే నాకు చాలు. ఆ తాత నన్ను కొడకా అన్నాడని రాశాను. రత్న అయిదో తరగతి దాకే చదివింది కదా, తొందరలో తలకిందులుగా చదివి ఉంటుంది. చెంగయ్య తాతకు ఒంట్లో బాగాలేదు. ఎప్పుడేమవుతుందో తెలియదు. ఆయన గుమ్మం వైపు చూస్తూ ఉంటాడు, నేను ఆయన్ను చూస్తూ ఉంటాను. అంతకుమించి అక్కడ ఏమీ జరగడం లేదు. మీరు ఈ ఎండలో బయలుదేరి రావద్దు.

ఇట్లు,
ఆదిమూలం

తా.క.: రత్నకు. చీమలకు పసుపు చల్లు. పోకపోతే సుద్దముక్కతో గీత గియ్యి. చెప్పులు సెలవులకు వచ్చేటప్పుడు కొత్తవి తెస్తాను, నాయన కాలి కొలత దారంతో తీసి పంపు. ఉత్తరం చదివేటప్పుడు తొందరపడకు. అక్షరం అక్షరం కూడబలుక్కో.

*

వడమాలపేట,
సెప్టెంబరు

మావారికి నాగరత్నమ్మ నమస్కారాలు. మామ కేకలు వేస్తుంటే రాస్తున్నాను.

“దత్తు పోతావంట్రా? ఆ ముసలోడు సస్తే కొరివి నేనే పెడతానని చేతిలో చెయ్యేసి మాటిచ్చినావంటనే! అయితే నాకెవుడ్రా పెట్టేది, మునిరామయ్యా? నువ్వింక రాయనూ వద్దు, అది సదవనూ వద్దు. ఆదివారం తొలి బస్సుకు నేనే వస్తా ఉండా. అది ఆస్పత్రి కాదు, సత్రమే గదా, నా మొక్కుకేం కాదులే. ఆ ముసలోన్ని నాలుగు కడిగి, నిన్ను జుట్టు పట్టుకోని లాక్కొస్తా. సదువూ లేదు, గిదువూ లేదు. చెనిక్కాయలు పెరికేదానికి మనుషులు సాల్లేదు ఈడ.”

మామ ఒక మాట అంటే అంతేనని మీకు తెలుసు. చదువు మానిపించే తీరుతానని అత్త మీద ఒట్టు వేశారు. అత్త రాత్రి నుంచి అన్నం ముట్టలేదు. నాకూ భయంగానే ఉంది.

ఇట్లు,
నాగరత్నమ్మ

తా.క.: ఈసారి నేను తొందరపడలేదు. అక్షరం అక్షరం కూడబలుక్కునే చదివాను. మామ ఎండలో దిగుతారు. రాగానే ఎదురు చెప్పకండి. ముందు కాళ్లకు నీళ్లివ్వండి. చెంబు చేతికివ్వొద్దు, కూర్చోబెట్టి మీరే కడగండి. ఎడమకాలు మొదట. డాక్టరు గారు వెళ్లిపోకముందే కడగండి.

*

తిరుపతి,
అక్టోబరు

రత్నకు,

ముందు అమ్మకు చెప్పు, నాయన బాగున్నాడు. మిగతాది అమ్మకు నిదానంగా చదువు.

నాయన కేకలు వేసుకుంటూనే సత్రంలోకి వచ్చాడు. “యాడ్రా ఆ చెంగయ్య?” అంటే లోపలున్న ముసలివాళ్లంతా లేచి కూర్చున్నారు. ఎవరికోసమైనా ఒక మనిషి వెతుక్కుంటూ రావడం వాళ్లు అక్కడ చూసి ఎరగరు. నువ్వు రాసినట్టే బెంచీ మీద కూర్చోబెట్టి ఎడమకాలు చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. నీళ్లు పోస్తేగాని ఊడిరాలేదు. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. వాసన నాకు తెలిసిన వాసనే.

“ఏం లేదురా, నొప్పి గూడా లేదు. ఎలిక కొరికింటాది” అన్నాడు నాయన.

డాక్టరు గారు వచ్చి వంగి చూసి, ఈ పూటే ఆస్పత్రిలో చేర్చాలన్నారు. వారం ఆగితే కాలు దక్కదట. నాయన బెంచీని పట్టుకుని కూర్చున్నాడు. “కాలన్నా ఇస్తా, ప్రాణమన్నా ఇస్తా, మొక్కు మాత్రం తప్పను” అన్నాడు. నేను బతిమాలాను, ఏడ్చాను. లాభం లేదు. అప్పుడు పక్క మంచం మీది నుంచి చెంగయ్య తాత అన్నాడు.

“యేమబ్బా, నీ కాలు గడప తొక్కకూడదు, అంతే గదా? ఎత్తుకోని పోతే నీ కాలు యాడ తొక్కుతాది? నీకు ఎత్తుకునే కొడుకుండాడు గదా.”

నాయన ఆయన వైపు తిరిగాడు. ఎవరిని తిట్టడానికి వచ్చాడో ఆయనే అని నేను చెప్పనే లేదు, తెలుసుకున్నాడు. తాత ఊరుకోకుండా, “బస్టాండు మింద వస్తివి గదా, మావాడు కనపడినాడా? టికెట్టుకు పోయినాడు” అని అడిగాడు.

నాయన అబద్ధమాడడం నేను పుట్టి ఎరగను. “కనపడినాడు. లైన్లో నిలబడుండాడు. చానా పొడుగు లైను” అన్నాడు.

నాయన్ను వీపున ఎక్కించుకుని ఆస్పత్రి గడప దాటాను. దాటేటప్పుడు రెండు కాళ్లూ పైకి ముడుచుకున్నాడు. రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది.

ఆ వారంలోనే చెంగయ్య తాత పోయాడు, నా చెయ్యి పట్టుకుని. కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. నాయనకు చెప్తే, “పోయి కొరివి పెట్టిరా. నా పర్మిషను ఉండాది” అన్నాడు. నేను ఎవరికీ ఇవ్వని మాట, రత్నా, అట్లా నిలబెట్టుకున్నాను. పొట్లం ఆయనతోనే పెట్టేశాం.

నేను రాయని మాటలన్నీ నాయన చెవిలో ఊదింది ఎవరు? అడిగితే నాయన నవ్వుతున్నాడు. చదువు సంగతి ఏమీ అనడం లేదు. రేపు ఆయన్ను బస్సెక్కిస్తాను.

నీ,
ఆదిమూలం

*

వడమాలపేట,
అక్టోబరు

మావారికి నాగరత్నమ్మ నమస్కారాలు.

మామ చేరారు. మునిరామయ్య గారు పలకరించడానికి వచ్చి, “అయితే మీవాడు సూదెయ్యడం నేర్సినాడా?” అన్నారు. మామ కట్టు కట్టిన కాలు మంచం మీద చాపుకుని, “కాళ్లు కడగడం నేర్సినాడు. సూదిది ఏముందిలే” అన్నారు. చదువు మానమనే మాట ఇక రాదు.

మీరు అడిగిందానికి చెప్తాను. ఊదింది నేనే.

మామ పెరటి గోడవతల పారేసే చీము గుడ్డలు చూశాను. మీరు రాసిన నొప్పిలేని పుండు చదివాక నాకు రాత్రులు కన్ను మూతపడలేదు. మీకు రాసి ఉంటే ఆ పూటే వచ్చేవాళ్లు. వచ్చి ఆస్పత్రి అనేవాళ్లు. మామ ఇంకో టెంకాయ కొట్టేవారు. అత్తకు చెప్తే ఏడ్చేది. నేను చెబుదామంటే మామ ఎదుట నాకు మాట లేదు, మీ ఉత్తరం తప్ప. గోళ్ల ముక్క ఉన్నదున్నట్టు చదివినప్పుడే చూశాను, ఆయన్ను మంచం దించేది కోపం ఒక్కటేనని. అందుకని ఆ తర్వాత చల్లారనివ్వలేదు. కన్నతండ్రి అన్నది నేను కలిపింది. దత్తత నేను కలిపింది. కొరివి కలిపేటప్పుడు మాత్రం నాలుక తడబడింది. మీ చదువు పోతుందేమోనని కూడా భయపడ్డాను. కాలా, చదువా అని ఆలోచించి, కాలు అనుకున్నాను. నా మీద కోపముంటే రాయండి, దాన్ని కూడా నేనే చదువుకుంటాను.

కొన్ని ముక్కలు మింగవచ్చని నాకు మొదట నేర్పింది మీరే. చీమలకు పసుపు చల్లాను. పోలేదు.

ఇట్లు,
మీ నాగరత్నమ్మ (అయిదో తరగతి)

తా.క.: నిన్న మామ మీ ఉత్తరాలన్నీ తెమ్మన్నారు. తీసుకుని తలుపు చాటుకు పోయాను. “ఆడెందుకు, ఈడొచ్చి కూసో. ఈసారి ఉండేది ఉన్నట్టు సదువు తల్లీ” అన్నారు. నన్ను పేరుపెట్టిగాని, తల్లీ అనిగాని ఎప్పుడూ పిలవలేదు. చదివాను. చివరి ఉత్తరంలో చెంగయ్య తాత కళ్లు గుమ్మం మీదే ఉన్నాయన్న దగ్గర చదవడం ఆపేశాను. మామ గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపటికి, “ఆ ఒక్క తావున నీకు తోసినట్టు సదువుమ్మా” అన్నారు. కొడుకు టికెట్లు తీసుకుని వచ్చాడని చదివాను.