నాలుగో దెబ్బ

తిరుపతి,
10-6-2024, సోమవారం.
ఈ రోజు పనులు: ఇడ్లీ పిండి రుబ్బడం అయింది. రెండు బకెట్ల బట్టలు ఉతకడం అయింది. అటక దులపడం సగం అయింది.

తమ్ముడు మునిచంద్రకు అక్క రాజశ్రీ దీవెనలు. ఇక్కడ నా నడుము తప్ప అందరం క్షేమం.

నువ్వు అడిగిన కేసెట్టు, అదే లారీ బొమ్మ ఉన్న ఇంగ్లీషు ఆల్బమ్, కనబడలేదు. ముప్పై రెండేళ్ల నాటిది, ఎలుకలు కొట్టేసి ఉంటాయి. కొత్తది కొనుక్కో.

ఇట్లు, అక్క.

తా.క.: ఫోన్ చేయవద్దు. అటక మీద సిగ్నల్ రాదు. జవాబు కొరియర్‌లో పంపు, తెల్లారేసరికి చేరుతుంది.

చెన్నై, 11-6-2024.

అక్కకు నమస్కారం.

ఎలుకల కథ నమ్మను. నీ అటకకి కూడా లిస్టు ఉండాది. నిజం చెప్పు, బావ దాని మీద భజనలు రికార్డు చేసినాడా?

కొత్తది కొన్నాను కాబట్టే ఈ గొడవ. మొదటి పాటలో డ్రమ్ములాయన మూడు దెబ్బలు కొట్టి, నాలుగోది మింగేసి ముందుకు దూకుతాడు. అది విని కదా నేను అన్నం గిన్నెలు బోర్లించి డ్రమ్మర్ అయినాను. కొత్త దాంట్లో నాలుగూ ఉన్నాయి. కంపెనీవాళ్లు మార్చేసినారంటే మా బ్యాండు పాటగాడు బాలాజీ నమ్మడంలేదు. "అన్నా, లెక్క నీదే తప్పు. శనివారం లోపల కేసెట్టు వినిపించు. లేదంటే ఆదివారం ప్రోగ్రాముకి నాలుగు కొట్టేవాడిని తెచ్చుకుంటా" అన్నాడు.

శుక్రవారం బస్సుకి వస్తున్నా. నేనే అటకెక్కుతా.

నీ తమ్ముడు.

తా.క.: కంపెనీకి లాయరు నోటీసు రాయిస్తున్నా.

తిరుపతి, 12-6-2024.
పనులు: బియ్యం ఏరడం అయింది. అటక పూర్తి అయింది. నిద్ర కాలేదు.

తమ్ముడా,

బస్సెక్కవద్దు. నోటీసు ఆపు. కేసెట్టు ఈ పార్సిల్లోనే ఉంది.

నువ్వు దాన్ని కొని తెచ్చి, వినకముందే ట్యూషన్‌కి పోయావు. నేను పెట్టి విన్నాను. టేపు ఇరుక్కుంది, లాగితే నలిగింది. నలిగిన అంగుళం కత్తిరించి గోళ్ల రంగుతో అతికించాను. నీ నాలుగో దెబ్బ ఆ అంగుళంలో ఉంది. సాయంత్రం నువ్వు విని, "అక్కా, ఈడ ఎట్ల ఎగిరినాడో విను" అన్నావు. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను. తర్వాత నువ్వు డ్రమ్మర్ అయ్యావు. ఇంకెలా చెప్పేది?

ఆ ముక్క పారేయలేదు. కాగితంలో మడిచి తేదీ వేసి దాచాను. అదీ పంపుతున్నాను. నీ పని పోతే ఆ పాపం నాది.

అక్క.

తా.క.: టేపుకి రెండో వైపు కూడా పాటలుంటాయి. ఆ అంగుళంతో పాటు అక్కడా ఒక దెబ్బ పోయి ఉంటుంది. చూసుకో.

చెన్నై, 17-6-2024.

అక్కకు,

రెండో వైపు సంగతి నువ్వు చెప్పకుండా ఉండాల్సింది. నా దగ్గర డ్రమ్ములు నేర్చుకునే ముప్పై మంది పిల్లలకి అదీ నేర్పించేసినా.

కేసెట్టు వినిపించి, నీ ఉత్తరం బాలాజీ చేతికిచ్చినా. రెండుసార్లు చదివినాడు. శనివారం, బాలాజీ ముందే పిలిచిన కొత్త డ్రమ్మర్ వచ్చి నాలుగూ కొట్టినాడు. ఒక్కటీ తప్పలేదు. నేను కర్రలు సంచిలో పెట్టేసుకున్నా. బాలాజీ అతనికి టీ ఇప్పించి సాగనంపినాడు. "నువ్వు వాళ్లది తప్పుగా వాయిస్తున్నావనుకున్నా అన్నా. అది వాళ్లది కాదు, మీ ఇంటిది. అట్లే కొట్టు" అన్నాడు.

ఆదివారం మూడే కొట్టినా.

నీ తమ్ముడు.

తా.క.: ముక్క వెనక్కి పంపుతున్నా. బీరువాలో పెట్టి తాళం వెయ్యి. దాన్ని ఎవరైనా అతికిస్తే నా బతుకు పోతుంది.

తిరుపతి, 18-6-2024.
పనులు: చింతపండు గింజలు తీయడం అయింది. బీరువాకు తాళం వేయడం అయింది.

తమ్ముడా, ముక్క చేరింది. 1992 నాటి పద్దుల పుస్తకం తీశాను. ఆగస్టు పేజీలో, పాలవాడి పద్దు కింద, నా చేతిరాతతోనే ఉంది: "తమ్ముడికి బాకీ, అంగుళం టేపు." ఈ రోజు దాని మీద గీత కొట్టాను.

చెల్లు.