లెక్కలో తప్పిన తరం

కిజిలోర్దా, శనివారం

ఎర్జిగిత్ అన్నయ్యా,

నా మీద కోపంతో ఫోను ఎత్తడం లేదుగా, అందుకే ఉత్తరం. ముందు అసలు సంగతి విను: నీ పెళ్ళి ఆగదు! తప్పు నా ప్రోగ్రాముదే!

కంప్యూటర్ పట్టా పుచ్చుకున్నాక ఆరు కోర్సులు మొదలుపెట్టి ఆరూ వదిలేశానని వెక్కిరించేవాడివి. మన వంశవృక్షం ప్రోగ్రాము మాత్రం వదల్లేదు. అందులో నిన్నూ, నువ్వు చేసుకోబోయే మక్పాల్‌నీ పెట్టి చూస్తే ఏడో తరంలోనే మీ ఇద్దరికీ మూలపురుషుడు ఒక్కడే అని వచ్చింది. మన కజక్‌లలో ఏడు తరాలు దాటందే పెళ్ళి లేదాయె, ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నిన్న నానమ్మ నా పక్కన కూర్చుని ఒక్కో పేరూ చదివించుకుంది. నీ పేరు దగ్గర ఆపింది.

"వీడికి తండ్రి ఎవరని రాశావే?"

"తాతయ్య. నీ కడగొట్టు కొడుకని నువ్వేగా చెప్పావు!"

"పిచ్చిమొహమా! తొలి మనవడని ఆచారం ప్రకారం తెచ్చుకుని పెంచుకున్నాను గానీ, నేను కన్నానటే?"

నువ్వు నాన్నని 'అన్నయ్యా' అని పిలుస్తుంటే వింటూ, నిన్ను బాబాయివే అనుకుంటూ పెరిగాను, నాకెలా తడుతుంది! నిన్ను నాన్న కొడుకుగా సరిచేస్తే ఎనిమిదో తరం!

ఇప్పుడు కన్నవాళ్ళూ పెంచినవాళ్ళూ ఇద్దరూ పట్టేలా ప్రోగ్రామును మళ్ళీ రాస్తున్నాను. కాలేజీలో నిద్రపోయిన పాఠాలే, తిండి మరిచి చదువుతున్నాను.

ఒక్క మాట. 'నేను కనలేదు' అని నానమ్మ పైకి అనడం నీ ఇరవై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. బావుర్సాక్ పిండిముద్దలు వేయిస్తానంటూ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. ఉత్తరం అందగానే ఆవిడకి ఫోన్ చేసి, ఎప్పటిలాగే 'అమ్మా' అని పిలువు.

నీ చెల్లెలు