సబ్బు వాసన పట్టిన మూకుళ్ళు

మే 14, గురువారం

గుర్మీత్ సింగ్‌కు ఎగ్జిట్ పడింది. వచ్చే వారం శనివారం ఫ్లైట్. కువైట్‌లో, షుఐబాలో ఈ క్యాంపులో తొమ్మిదేళ్ళుగా నా పక్క మంచం అతనిది. క్రేన్ డ్రైవర్. ఇక తిరిగి రాడు.

పెట్టె సర్దుకుంటూ తన హిందీలో అన్నాడు: "స్టోర్ సాబ్, పోయేలోగా ఆ బెహన్ చేతి ఫిర్నీ ఒక్కసారి తినాలి. మీ ఊరి బెహన్. ఈ మధ్య రావడమే లేదు. కబురు పెట్టవా?"

పెడతానన్నాను.

ఆమె పోయి మూడు నెలలు దాటింది.

మే 15, శుక్రవారం

సెలవు. మధ్యాహ్నం గేటు వైపు చూడకుండా ఉండటం ఇంకా చేతకావడం లేదు.

ఇక్కడైనా నిజం రాయాలి. గుర్మీత్ బెహన్ అనే సుశీల మా ఊరి మనిషి కాదు. కాదంటే, మా ఊరే. నా భార్య.

మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేసేది. మామా, ఆ ఇంటి యజమానురాలు, వారానికి ఒక పూట సెలవిచ్చేది. మొదటిసారి పాయసం డబ్బా పట్టుకొని రెండు బస్సులు మారి వచ్చింది. గేటు దగ్గర నా పక్కన గంగాధర్ ఉన్నాడు, జగిత్యాల వాడు, మా గదే. అంతకుముందు రోజే గదిలో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మీద ఏవో మాటలు, నవ్వులు. నేనూ నవ్వాను.

"ఎవలన్నా గామె? ఇండ్లల్ల పని చేసేటామె లెక్కున్నది."

"మా ఊరావిడలే" అన్నాను.

ఆమె రెండు బారల దూరంలో ఉంది. విన్నది.

ఆ సంగతి ఒక్కసారే మాట్లాడింది, ఫోన్లో. "పోనీలే. చదువుకున్నోనివి, స్టోర్ ఇన్‌ఛార్జివి. నీ మర్యాద నీకుండాల గదా."

మరుసటి శుక్రవారం వాచ్‌మన్‌ను అడుగుతోంది: "సార్ ఉండారా?"

నాలుగేళ్ళు సార్‌నే.

మే 16

పని. ఎండ. ఏమీ లేదు.

మే 17

ఫిర్నీ ఆమెకు నేర్పింది గుర్మీతే. పాయసం తిని నవ్వాడు. "బెహన్, ఎండాకాలం మా పంజాబ్‌లో ఇలా వేడిగా తినం" అంటూ గేటు బయట నిలబడే చెప్పాడు. బియ్యం నానబెట్టి రవ్వలా బరకగా రుబ్బాలి. పాలల్లో కలుపుతూనే ఉండాలి. మట్టి మూకుళ్ళలో పోసి చల్లబెట్టాలి. ఆమె వచ్చీరాని హిందీలో మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకుంది. నేను కాస్త దూరంగా నిలబడ్డాను, ఎవరి మాటలో విననట్టు.

సెలవుకు వెళ్ళినప్పుడు వాళ్ళ ఊరి నుంచి డజను మూకుళ్ళు గుడ్డల్లో చుట్టి తెచ్చి ఆమెకిచ్చాడు. ప్రతి శుక్రవారం ఆరు నిండుగా వచ్చేవి, పాత ఆరు ఖాళీగా వెళ్ళేవి. నన్ను కడగనిచ్చేది కాదు. "నాకీ. నేను కడుక్కుంటాలే."

చివరి ఆరు నా మంచం కింద ఉన్నాయి. అడుగున పాలు ఎండిపోయి.

మే 18

నేనే చేస్తాను. ఆమె పంపిందని ఇస్తాను. ఇంకేం తోచడం లేదు.

మే 19

మూకుళ్ళు బాగా కడిగాను. సబ్బు పెట్టి, పీచుతో, మూడుసార్లు. చేసిన పని తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి ఇప్పుడు రాయడానికి సిగ్గు.

మే 20, బుధవారం

డ్యూటీ దిగి వంటగదిలో చేశాను. బియ్యం, చక్కెర ఒకేసారి వేశాను. ఎంత కాచినా పలుకు పోలేదు. ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక గుర్మీత్‌కు ఇచ్చాను. "ఆమె పంపింది."

మూకుడు రెండు చేతులా అందుకున్నాడు. ఒక చెంచా. ఆగాడు. మూకుడు వాసన చూశాడు.

"సబ్బుతో కడిగారు. మట్టి సబ్బు తాగేస్తుంది సాబ్. బెహన్ ఉప్పునీళ్ళతో కడిగేది. ఇది ఆమె చేసింది కాదు."

"ఆమెకు ఒంట్లో బాగాలేదు. వేరే ఎవరో చేసి..."

నా నోటితోనే అన్నాను. మట్టిలో పెట్టి వచ్చిన మనిషికి ఒంట్లో బాగాలేదని.

"ఏమైంది? నంబరివ్వు, మాట్లాడతాను."

"ఫోన్ పాడైందట."

గంగాధర్ మంచం మీద నుంచే: "ఏ, గామె వేరే ఇంట్ల కుదిరిందేమో తియ్ అన్నా. గీళ్ళు ఒక్కకాడ ఉంటరా."

నేను మిగిలిన మూకుళ్ళు తీసుకొని వంటగదికి వెళ్ళాను.

మే 21

ఆమె ఇక్కడే చనిపోయినప్పుడు నేను గదిలో చెప్పిన మాట: "ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆవిడ పోయింది." ఊరికని నేనెక్కిన విమానంలోనే, కింద పెట్టెలో ఆమె ఉంది. ఇక్కడ ఒక్కరికీ తెలియదు.

తిరిగొచ్చాక గుర్మీత్ నన్ను పట్టుకొని ఏడ్చాడు. "భాభీని ఒక్కసారి కూడా చూడలేకపోయాను" అన్నాడు. నా భార్య అతనికి భాభీ, వదిన.

నాలుగేళ్ళు ఆమె చేతి తిండి తిన్నాడు.

మే 22, శుక్రవారం

పొద్దున గుర్మీత్ ఒక చున్నీ ఇచ్చాడు. పసుపు రంగు, వాళ్ళావిడ కుట్టింది. "బెహన్‌కు నీ చేతుల మీదుగా ఇవ్వు. గురుద్వారాకు పోతున్నాం కొందరం. త్వరగా కోలుకోవాలని ఆమె కోసం మొక్కుతాను. పేరేమిటి?"

పేరు కూడా అతనికి తెలియదు. బెహన్ అంటే చాలేది.

"సుశీల" అన్నాను.

గదిలో ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

అతను వెళ్ళాక మూకుళ్ళు ఉప్పునీళ్ళలో వేసి మరిగించాను. నీళ్ళు మార్చి మళ్ళీ. సాయంత్రం దాకా నానేశాను. ముక్కు దగ్గర పెట్టుకొని చూశాను. మట్టి వాసనే. బియ్యం బరకగా రుబ్బాను. చక్కెర చివర. ఆమె ఫోన్లో నవ్వుతూ చెప్పిందే: "ముందేస్తే బియ్యం బిర్రబిగుసుకుంటాది, నీ మాదిరి."

నేను అప్పుడు వింటూ ఇంకేదో చూసుకుంటున్నాను.

మే 23, శనివారం

బస్సు నాలుగింటికి. గుర్మీత్ పెట్టె మీద కూర్చొని ఉన్నాడు, నీడన. మూకుడు ఇచ్చాను. చెంచా నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ. బెహన్‌కు ఒంట్లో బాగయిందన్నమాట. తానే వచ్చిందా?"

"లేదు. నేను చేశాను."

"ఎవరు నేర్పారు?"

వాచ్‌మన్ వింటున్నాడు. గంగాధర్ పెట్టె తాడు బిగిస్తున్నాడు.

"మా ఆవిడ" అన్నాను.

చెంచా ఆగింది. నా ముఖం చూస్తూ ఉన్నాడు. ఆ ఫిర్నీ అతను ఇక్కడ ఒక్కరికే నేర్పాడు, బెహన్‌కు.

"భాభీ?"

తలూపాను. గంగాధర్ చేతులు తాడు మీదే ఆగిపోయాయి.

గుర్మీత్ మూకుడు నేల మీద పెట్టాడు. మెల్లగా, ఒలకకుండా. ఏదో అడగబోయాడు. బస్సు హారన్. పెట్టె గంగాధర్ ఎత్తాడు. గుర్మీత్ నన్ను కావలించుకోలేదు. చున్నీ తిరిగి అడగలేదు. కిటికీ దగ్గర కూర్చున్నాడు, గేటు దాటేవరకు ఇటు తిరగలేదు.

గంగాధర్ నన్ను దాటుకుంటూ పైకి వెళ్ళాడు. కొంచెంసేపటికి పైన మా గదిలో టీవీ ఆగింది. చెప్పినట్టున్నాడు.

ఇంకా మెట్ల మీదే ఉన్నాను. సగం ఫిర్నీ మూకుట్లో ఉంది. పైకి వెళ్ళాలి.