బొగ్గుల మీద ఇసుక

బర్ దుబాయ్,
నవంబరు 2005

సలోమక్కకు, కుడికాలికి కట్టుతో నీ తమ్ముడి వందనాలు.

నేను పంపిన ఫొటోను మన సంఘం పత్రికలో ‘దుబాయ్‌లో పిల్లలకు వాక్యం చెబుతున్న మనవాడు’ అని వేయిస్తున్నావట. దయచేసి ఆపించు.

ఇక్కడ చర్చి బయట వాక్యం చెప్పకూడదు. అందుకే ఈద్ సెలవులకు జెబెల్ అలీ బీచ్‌లో గుడారాలు వేసుకునే కుటుంబాలకు చేతనైన పనులు చేసిపెడదామని ఇక్కడి మా సంఘం నుంచి ఆరుగురం వెళ్లాం. గుడారం కట్టడంలో నా ప్రతిభ చూశాక నాకు పొయ్యిలు ఆర్పే పని ఇచ్చారు.

ఒక గుడారం కామాక్షి గారని విజయవాడ ఆవిడ వాళ్లది. వాళ్లు చికెన్ కాల్చుకున్న బొగ్గుల మీద నీళ్లు పోయాలి. నేను ఇసుక కప్పి చదును చేశాను. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంది. ఆ శుభ్రతకు నేనే మురిసిపోతూ, చెప్పుల్లేకుండా వెనక్కి నడిచి దాని మీదే కాలు పెట్టాను.

కామాక్షి గారు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాలి మీద నీళ్లు పోస్తూ, “సేవ చేద్దామని వచ్చారుగా. కాసేపు కదలకుండా కూర్చోండి, అదే పదివేలు” అన్నారు.

ఫొటో అప్పటిదే. పిల్లలు చుట్టూ చేరింది కాలిన పాదం చూడ్డానికి. వాళ్లు అడ్డొచ్చి నా పాదమూ, ఆవిడా కనిపించలేదు. నా నోరు తెరిచి ఉన్నది మంటకు. ఇదంతా ఫొటో పంపినప్పుడే రాయకపోవడం మరుపు కాదని ఒప్పుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం నిజం. నేను కాలు పెట్టినప్పుడు ఆవిడ చిన్నకూతురు బంతి కోసం అటే పరుగెత్తుకొస్తోంది. నా కేకకు జడిసి ఆగిపోయింది. ఆ రోజు నేను చేసిన సేవ ఆ కేక ఒక్కటే. ఫొటోలో అది పడలేదు.

నీ తమ్ముడు