వాటంతటవే వచ్చిన స్ఫటికాలు

అబద్ధం రాశావు అన్నయ్యా. "స్ఫటికాలు వాటంతటవే ఏర్పడ్డాయి" అట. నువ్వు పంపిన వ్యాసం అచ్చు ప్రతిలో, నాలుగో పేజీలో ఉంది ఆ ముక్క. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే, అందరం అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే.

నేను నీలా చదువుకోలేదు. ల్యాబులో గాజుసామాను కడగడానికి చేరినదాన్ని. నువ్వు వదిలేసి వెళ్ళిన పుస్తకాలే నా బడి. అయినా ఈస్టు పెంచి, అందులోంచి ఆ ఎంజైము తీసి, శుద్ధి చేసి, స్ఫటికాల కోసం పధ్నాలుగు నెలలు గాజుపలకల మీద దాని చుక్కలు పెట్టిందెవరు? స్ఫటికం దొరికితే గానీ ఎక్స్‌రేలో దాని ఆకారం తెలియదు. నాకు ప్రతి చుక్కలోనూ మడ్డో, పనికిరాని చిన్న స్ఫటికాలో మిగిలాయి. నువ్వేమో ఎక్కడో ఎక్స్‌రే యంత్రం దగ్గర కూర్చుని, "ఇంకా కాలేదా?" అని ఫోన్లు.

ఆసుపత్రిలో అమ్మకి చెప్పాను. మెసెంజర్ ఆర్ఎన్ఏ కణంలో కబురు మోస్తుందని, దాని తలకి టోపీ పెట్టేది ఈ ఎంజైమేనని, టోపీ లేకపోతే కబురు దారిలోనే ముక్కలైపోతుందని.

"చదివి చదివి ఇద్దరూ టోపీలు పెట్టే పనిలో చేరారన్నమాట," అని నవ్వింది.

పనికిరాని స్ఫటికాన్ని నూరి, ఆ పొడి వెంట్రుకకి అంటించి కొత్త చుక్కలో గీస్తే గీత పొడవునా మంచివి మొలుస్తాయట, పిల్లి మీసం వెతకాలి అన్నాను. అమ్మ దువ్వెనలోంచి ఒకటి లాగి ఇచ్చింది.

"పిల్లి దేనికే? ఎలాగూ రాలిపోతున్నాయి. వీటికైనా ఓ ఉద్యోగం దొరకనీ."

దాంతోనే గీశాను. ఆరో రోజుకి వచ్చాయి. నీ వ్యాసంలో మొదటి బొమ్మ చూడు. పదకొండు, ఒకే గీత మీద. ఎవరూ గీయకుండా అలా వరసలో నిలబడతాయా?

చివర్లో అమ్మ ఏమైనా అందా అని పోయిన ఉత్తరంలో అడిగావు. నిద్రలోనే పోయిందని చెప్పాను కదా, అది నా అబద్ధం. నాకు తెలియదు. నేనక్కడ లేను. "ఈరోజే పంపాలి, మధ్యలో వదిలితే పాడైపోతాయి" అన్నావు ఆ ఉదయం. చల్లగదిలో ఒక్కొక్కదాన్నీ నైలాను ఉచ్చుతో తీసి ద్రవ నైట్రోజన్‌లో ముంచుతున్నాను. నాలుగోదాని దగ్గర ఫోను మోగింది. ఏడోదాని దగ్గర మళ్ళీ మోగింది. పదకొండూ అయ్యాకే తీశాను.

"మీ అమ్మగారు మిమ్మల్నే అడుగుతున్నారమ్మా, ఎక్కడున్నారు?" ఇది నర్సు ఫోన్లో రికార్డు చేసి వదిలిన మొదటి మాట. రెండోసారి "త్వరగా రండి" అంతే.

వెళ్ళేసరికి దుప్పటి మార్చేశారు. దువ్వెన సంచిలో వేసి చేతికిచ్చారు.

అవి వాటంతటవే వచ్చేవైతే, ఆ ఉదయం నేనా గదిలో ఎందుకున్నాను అన్నయ్యా?

నా పేరు వేస్తావో మానతావో నీ ఇష్టం. ఆ వాక్యం మాత్రం కొట్టెయ్యి. "మా అమ్మ తలవెంట్రుకతో గీసి మా చెల్లెలు పెంచింది" అని రాయి. దిద్దుబాట్లకి వచ్చే శుక్రవారం ఆఖరని ఆ అచ్చు ప్రతి మీదే ఉంది. గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు నీ జవాబు నాకు చేరాలి. ఫోను చెయ్యకు, రాసి పంపు. రాకపోతే నా నోటుబుక్కు పత్రికవాళ్ళకి వెళుతుంది. వెంట్రుక, గీసిన రోజు పేజీకే అతికించి ఉంది.

ఇట్లు,
ఫోను ఎత్తని నీ చెల్లెలు