చర్చికీ కాలేజీకీ ఒకే యాంప్

తెనాలి,
18 నవంబరు 2024.

మిత్రుడు జీవన్ కుమార్‌కి,

విష్ణువర్ధన్ నమస్కారాలు. ఇక్కడ నేనూ సాహితీ, మొగుడూ పెళ్ళాలం ఇద్దరమే ఉన్నాం. వేళకి తింటున్నాం, ఆరోగ్యాలకి లోటు లేదు. బాపట్లలో నువ్వూ చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారనే అనుకుంటున్నాను.

నీ మెసేజ్ అందింది. అంతకుముందు ఫోన్ కూడా చేశావు, నేను ఎత్తలేదు. ఈపురుపాలెం పెళ్ళి తర్వాత నువ్వు నాతో మాట్లాడటం మానేశావు గనక, ఇన్నాళ్ళకి నీ పేరు కనిపిస్తే కోపమో సంతోషమో రావాలి. రెండూ రాలేదు. ఫోన్ బల్ల మీద కాసేపు వెలిగి ఆరిపోయింది. చూస్తూ కూర్చున్నాను.

మెసేజ్ మాత్రం పూర్తిగా చదివాను. మన బ్యాండులో నా చోట లిఖిత అనే అమ్మాయి గిటార్ వాయిస్తోందనీ, ఆదివారం చర్చికీ, మిగతా రోజుల్లో కాలేజీ ప్రోగ్రాములకీ రెండింటికీ పనికొచ్చే ఒకే మోడలింగ్ యాంప్ కావాలనీ, అది ఆటోలో పట్టాలనీ రాశావు. డిసెంబరంతా ప్రోగ్రాములే, ఆ పిల్లకి ఇదే మొదలు, యాంప్ తేడా చేస్తే ఇంకెప్పుడూ స్టేజి ఎక్కదేమోనని భయంగా ఉంది అన్నావు. చివర్లో, మన గొడవ మనదిరా, కానీ నీ చెవుల మీద తప్ప ఇంకెవరి చెవుల మీదా నాకు నమ్మకం లేదు, నువ్వు విని బాగుందంటే కళ్ళు మూసుకుని తీసుకుంటాను అని రాశావు. ఆ మాట సాహితి కూడా చదివింది. ఫోన్ నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరేనని ఒక్క ముక్క నీకు మెసేజ్ పెట్టి, బీరువా మీంచి గిటార్ దించాను. తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. కొత్తవి వేశాను. వేస్తుంటే ఏమైనా అనిపిస్తుందేమోనని చూసుకున్నాను. దడికి వైరు కట్టినట్టే కట్టాను. ట్యూనర్‌లో పచ్చలైటు వెలిగేదాకా బిగించి, కవర్లో పెట్టేశాను.

నీకు తెలియందేం కాదు, మోడలింగ్ యాంప్ అంటే పాత ట్యూబ్ యాంప్‌లన్నిటి గొంతులూ ఒక చిప్‌లో పెట్టిన పెట్టె. మీట తిప్పితే ఒక్కో గొంతుతో పలుకుతుంది. డబ్బా మీద రాసింది చదివితే అన్నీ అన్నీ చేస్తాయి. అసలు సంగతి క్లీన్, అంటే గరుకు లేని సౌండు పెట్టి పెంచినప్పుడూ, డిస్టార్షన్, అంటే కావాలని గరగరలాడించే సౌండు పెట్టి ఆరు తీగలూ ఒకేసారి మీటినప్పుడూ బయటపడుతుంది. చర్చిలో ప్రార్థన వెనకాల ఒక్కో తీగా విడివిడిగా వినపడాలి. కాలేజీలో అదే తీగ చిరిగి గరగరలాడుతూ డ్రమ్స్ మీదుగా వెనక వరసదాకా పోవాలి. చిరగాలి గాని నలిగిపోకూడదు.

మొదట ఇక్కడే జకరయ్యగారి మ్యూజిక్ షాపుకి వెళ్ళాం. సాహితిని వెంట తీసుకెళ్ళాను. ఏంటి బాబూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అన్నారాయన. పని ఎక్కువైందన్నాను. అబద్ధమేం కాదు. గిటార్ ట్యూషన్లు మానేశాక వేమూరులో అన్నయ్య ఎరువుల కొట్టుకి వెళ్తున్నాను. కౌంటర్లో అన్నయ్య కూర్చుంటాడు, వెనక గోడౌన్ నేను చూస్తాను. బస్తాలు వస్తాయి, బస్తాలు పోతాయి. బస్తాలతో మాట్లాడే పని ఉండదు.

జకరయ్యగారు చిన్న స్పీకరున్న నల్ల పెట్టె ఒకటి బయటికి తీశారు. ఇందులో లేని సౌండు లేదు బాబూ, పిట్ట కూత దగ్గర్నించి రాకెట్టు దాకా అని మీటలన్నీ తిప్పి చూపించారు. అవన్నీ వద్దండి, క్లీనూ డిస్టార్షనూ రెండే చూస్తానన్నాను. సాహితి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. మెల్లగా పెట్టి వాయిస్తే క్లీన్ బాగానే ఉంది, గాజు గ్లాసు అంచు మీద చెంచాతో కొట్టినట్టు. పెంచేసరికి స్టీలు డబ్బా మూత అదిరినట్టు అదిరింది. డిస్టార్షన్‌లో ఒక్కో తీగైతే పరవాలేదు. అన్నీ కలిపి మీటితే పప్పూ పచ్చడీ పెరుగూ ఒక్కసారే కలిపేసిన అన్నంలా అయింది, ఏది ఏదో తెలియలేదు. పైగా క్లీన్ నుంచి మారగానే సౌండు పడిపోయింది. సోలో వాయించే సమయానికి లిఖిత ఎవరికీ వినపడదు. ఇంట్లో వాయించుకునేదానికి ఇది చాలు బాబూ అన్నారు జకరయ్యగారు. ఇంట్లోకి కాదండి అన్నాను.

ఆయన మంచి మనిషి. బేరం పోయినా, రేపల్లెలో శ్యాంప్రసాద్ అనే ఆయన దగ్గర పెద్దది ఒకటుంది, వాడింది తక్కువ, అమ్మేస్తానంటున్నాడు అని అడ్రసు ఇచ్చారు.

తర్వాత ఆదివారం రేపల్లె బండెక్కాం. వేమూరులో బండి ఆగితే గోడౌన్ ఉన్న వైపు చూడాలనిపించలేదు. భట్టిప్రోలు దాటాక గాలి వీచి చేనంతా ఒక్కసారే పక్కకి వాలింది. సాహితి నా భుజం తట్టి చూడమంది. చూశాను. బాగుందనే అనాలి. సాహితి ఎన్ని చూపిస్తుందో జీవన్, అన్నీ చూస్తాను.

శ్యాంప్రసాద్ బ్యాంకులో పని చేస్తాడు. పాప పుట్టాక వాయించే తీరిక లేదట. యాంప్ మీద దుప్పటి కప్పి, దాని మీద పాప బట్టలు మడతపెట్టి ఉన్నాయి. శ్యాంప్రసాద్ వాళ్ళమ్మ పార్వతిగారు నొచ్చుకుంటూ అవి తీసి కుర్చీలు వేశారు. యాభై వాట్లు, పన్నెండంగుళాల స్పీకరు. బరువుందిగాని ఒక మనిషి మొయ్యగలడు. నేను మోకాలు పెట్టెకి ఆనించి వాయించాను. స్క్రూలు వదులుంటే ఆ వణుకులో తెలిసిపోతుంది. వదులేం లేవు.

దీని క్లీన్ గురించి ఏం చెప్పను. కొత్త గాజులు ఒక్కొక్కటీ చేతికి ఎక్కించుకుంటుంటే వచ్చే చప్పుడులా, దేనికది వేరుగా ఉంది. పెంచినా అలాగే ఉంది, పెద్దదయిందంతే. డిస్టార్షన్ పెట్టి మీటితే చుట్టూ నూనె చిటపటలాడుతున్నా పెనం మధ్యలో అట్టు అట్టులాగే ఉంది. కాలి స్విచ్చి నొక్కి అటూ ఇటూ మార్చి చూశాను, సౌండు పడిపోలేదు. చర్చి మిక్సరుకి కలుపుకోవడానికి వెనకాల లైనౌట్ ఉంది. మిమ్మల్ని బాపట్లలో చూశానండి, మీరు వాయిస్తుంటే మేం భోజనాలకి కూడా లేవలేదండి అన్నాడట శ్యాంప్రసాద్. పార్వతిగారు కాఫీ తెచ్చి ఏదో అడిగారు. నేను పెట్టె వెనక వైర్లు చూస్తున్నాను. మళ్ళీ అడిగారు. పంచదార సరిపోయిందండి అని సాహితి చెప్పింది నా బదులు.

నువ్వనుకున్న ధరకే కుదిరింది. ఇదే తీసుకున్నాను. ఆర్టీసీ కార్గోలో వేయిస్తున్నాం. ఆటోలో వేసేటప్పుడు పడుకోబెట్టొద్దని చెప్పు.

లిఖితకి కొన్ని మాటలు చెప్పు. మూడు సెట్టింగులు చేసి పెట్టాను. మొదటిది చర్చికి, కొంచెం రివర్బ్, గుడిగంట మోగాక మిగిలే మోతలాంటిది, ఉంటుంది. రెండోది కాస్త గరుకు, సినిమా పాటల వెనక రిథమ్‌కి. మూడోది పూర్తి డిస్టార్షన్. గరుకు పెంచే గెయిన్ మీట సగం దాటించొద్దు. ఎంత తిప్పితే అంత గొప్పగా ఉంటుందని ఆ వయసులో అనిపిస్తుంది, నాకూ అనిపించింది. మీ చర్చి హాలు గుంయ్‌మంటుంది గనక బాస్ తగ్గించుకోవాలి. ఇంట్లో మెల్లగా పెట్టి సరిచేసుకున్న సౌండు స్టేజి మీద అలా ఉండదు, రిహార్సల్లో స్టేజి మీద పెట్టినంత సౌండు పెట్టి చూసుకోమను.

ఈపురుపాలెంలో పాట మధ్యలో స్టేజి దిగి ఎందుకు పోయావని అప్పుడు అడిగావు. నేను చెప్పలేదు. హైదరాబాద్ వాళ్ళెవరో పిలిచారు, అందుకే పొగరు తలకెక్కిందని నువ్వు అందరితో అన్నట్టు తెలిసింది. అలాగే అనుకో. నాకు ఇబ్బందేం లేదు.

యాంప్‌తోపాటు నా గిటార్ కూడా పంపిస్తున్నాను. ఆ అమ్మాయి గిటార్ చవకదని రాశావు కదా, ఇది వాడుకోమను. నాకు దాంతో పని లేదు. ఇచ్చేస్తుంటే బాధపడతానని సాహితి అనుకుంది. అలాంటిదేమీ లేదు.

మీ ప్రోగ్రాములన్నీ బాగా జరగాలని కోరుతూ,
విష్ణువర్ధన్.

తా.క.

జీవన్ అన్నయ్యగారూ, ఇది సాహితి రాస్తున్నది. ఉత్తరం యాంప్ అట్టపెట్టెలో పెట్టి అతికించమని నాకిచ్చి ఆయన వేమూరు వెళ్ళారు. మీకు చెప్పనని ఆయనకి మాటిచ్చాను. ఆ మాట ఇవాళ తప్పుతున్నాను.

ఆయనకి వినపడదండి. ఈపురుపాలెంలో వాయిస్తూ ఉండగా కుడి చెవి ఒక్కసారిగా మూసుకుపోయింది. తన తీగ శ్రుతిలో ఉందో లేదో తనకే తెలియక దిగి వచ్చేశారు. తర్వాత కొన్ని నెలలకి ఎడమ చెవి కూడా పోయింది. మేం హైదరాబాద్ వెళ్ళిన మాట నిజమే, డాక్టర్ల దగ్గరికి. చెవికి మిషను పెట్టుకుంటే, ఎదురుగా కూర్చున్న మనిషి మాట కొంచెం అందుతుంది. పాట అందదు. రేకుల మీద కంకర పోసినట్టు ఉంటుందట. క్లీనూ డిస్టార్షనూ ఆయనకి ఇప్పుడు ఒకటే. మీరందరూ జాలి పడతారని ఎవరికీ చెప్పనివ్వలేదు. పొగరని అనుకున్నా ఫరవాలేదన్నారు.

యాంప్‌లు విన్నది నేను. సౌండు పెంచాలంటే వేలు పైకెత్తేదాన్ని, తగ్గించాలంటే దించేదాన్ని. ఇంటికొచ్చాక ఆయన కాగితం మీద రాసి అడిగేవారు, తీగలన్నీ విడిగా వినపడ్డాయా, మార్చినప్పుడు సౌండు పడిందా అని. నాకు సంగీతం రాదు. గ్లాసులు, గాజులు, అట్లు, నాకు తెలిసినవాటితో చెప్పాను. ఆయన అవే రాశారు. రేపల్లె నుంచి వచ్చేటప్పుడు బండిలో, అది నిజంగా బాగుందా అని నా మొహం చూస్తూ అడిగారు. బాగుందన్నాను. అది మాత్రం ఒట్టు, బాగుంది. లిఖిత చెవులతో కూడా ఒకసారి విని చూడండి.

బాధ లేదని రాశారు. ఉందో లేదో నాకూ తెలియదండి. ఏడవరు, కోప్పడరు. ఏది పెడితే అది తింటారు. ఇన్నాళ్ళలో ఒక మనిషి కోసం ఆయన ఇల్లు కదిలింది మీ మెసేజ్ వచ్చాకే.

గిటార్ పార్సెల్లో లేదు, వెతక్కండి. నేను దాన్ని పక్కింటి కనకదుర్గగారి దగ్గర పెట్టాను, పంపేశానని ఆయనతో చెప్తాను. కావాలంటే మీరే వచ్చి అడగండి.

ఫోన్ చెయ్యకండి. ఆదివారం చర్చి అయ్యాక బండెక్కి రండి, ఆయన ఇంట్లోనే ఉంటారు. ఎదురు కుర్చీలో, కిటికీ వెలుతురు మీ మొహం మీద పడేట్టు కూర్చోండి. తిట్టాలనుంటే తిట్టండి. కాకపోతే మెల్లగా తిట్టండి అన్నయ్యగారూ, పెదాలు కనపడితే ఆయనకి అర్థమవుతుంది.